కోడలితో ఒంటరిగా ఏం మాట్లాడారు?

పెళ్లిళ్ల గురించీ కాపురాల గురించీ పేపర్లో వచ్చే అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి, వాటిని ఎంతవరకు నమ్మవచ్చు అని ఈ నెల చాలామంది రాశారు. సమాజశాస్త్రం పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి నాకు ఇంతకంటే ఇష్టమైన విషయం లేదు. ఒకే రకం ఉత్తరాలను కలిపి, కొన్నింటికి వివరంగా, కొన్నింటికి క్లుప్తంగా జవాబిస్తున్నాను.

*మేడమ్ గారికి నమస్కారం. ఆ మధ్య మా ఇంటికి ఆరోగ్య సర్వే అంటూ ఇద్దరు అమ్మాయిలు వచ్చారు. మొదట నన్నే కూర్చోబెట్టి ఇంట్లో ఎంతమంది, ఎవరి వయసెంత, ఫ్రిజ్ ఉందా, మరుగుదొడ్డి ఉందా అని అడిగారు. బాగానే ఉంది. తర్వాత "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అని మా కోడలిని లోపలి గదిలోకి తీసుకెళ్లి ముప్పావుగంట మాట్లాడారు. అత్తను నేనుండగా కోడలితో చాటుమాటు మాటలేమిటి? వీధిలో ఇన్ని ఇళ్లుండగా మా ఇల్లే దొరికిందా? — ఒక పాఠకురాలు, తెనాలి*

మీరు చెప్పిన తీరు చూస్తే అది జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే గానీ, అలాంటిదే మరొకటి గానీ అయి ఉంటుందమ్మా. 1992-93లో మొదలైన ఈ సర్వేను కేంద్ర ఆరోగ్య శాఖ కోసం ముంబయిలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ నడుపుతోంది. 2019-21లో జరిగిన అయిదో విడతలో 6,36,699 ఇళ్లు తిరిగి 7,24,115 మంది స్త్రీలతో, 1,01,839 మంది పురుషులతో మాట్లాడారు.

ముందు మీ రెండో ప్రశ్న. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడటానికి గిన్నెడూ తాగం. గరిటెతో కింది నుంచి కలిపి ఒక చుక్క నాలిక మీద వేసుకుంటాం. సర్వేలో ఆ కలపడమే అసలు పని. మొదట ఊళ్లనో, పట్నాల్లోని బ్లాకులనో లాటరీ పద్ధతిలో తీస్తారు. అలా వచ్చిన ఊళ్లో ప్రతి ఇంటినీ పటం గీసి జాబితా రాస్తారు. ఆ జాబితాలోంచి లెక్క ప్రకారం 22 ఇళ్లు వస్తాయి. వాటిలో మీది ఒకటి. మిమ్మల్ని ఎవరూ వేలు పెట్టి చూపించలేదు, మీ ఇంటి మీద ఎవరూ ఏమీ చెప్పలేదు. మీరు ఆ రోజు తాళం వేసి ఉంటే వాళ్లు మళ్లీ వచ్చేవారు. "పక్కింట్లో అందరూ ఉన్నారు, వాళ్లనడగండి" అంటే ఒప్పుకోరు. పగలు ఇంట్లో మనుషులుండే ఇళ్లకూ, ఇద్దరూ పనికి పోయి తలుపు మూసి ఉండే ఇళ్లకూ కాపురంలో చాలా తేడా ఉంటుంది. దొరికిన వాళ్లతోనే సరిపెట్టుకుంటే కూలికి పోయే ఇల్లాలి గొంతు లెక్కలోకి రాదు.

ఇక కోడలితో ఒంటరిగా మాట్లాడటం. కాన్పులు, పోయిన పిల్లలు, గర్భనిరోధక సాధనాలు, తన చేతిలో ఖర్చుకు డబ్బుంటుందా, ఆసుపత్రికి ఒంటరిగా వెళ్లనిస్తారా వంటివి అడుగుతారు. ఎంపిక చేసిన కొన్ని ఇళ్లలో, ఇంటికి ఒక్క స్త్రీని మాత్రమే, భర్త చేయి చేసుకుంటాడా అన్నది కూడా అడుగుతారు. మీ ఇంట్లో అది అడిగారో లేదో నాకు తెలియదు, తెలుసుకోకూడదు కూడా. ఈ భాగం మొదలుపెట్టే ముందు గదిలో మరెవరూ లేరని చూసుకోవాలన్నది కచ్చితమైన నియమం. ఏకాంతం దొరక్కపోతే ఆ ప్రశ్నలన్నీ వదిలేసి రావాలి. ఒకే ఇంట్లో ఇద్దరిని అడగకపోవడానికీ కారణముంది. తోడికోడలికి ఫలానా ప్రశ్న వేశారని తెలిస్తే, ఈమె ఏం చెప్పి ఉంటుందన్న ఆరా ఇంట్లో మొదలవుతుంది. ఆ ఆరాతోనే దెబ్బలు పడే ఇళ్లు ఉంటాయి.

ప్రశ్న అడిగే తీరు కూడా చూడండి. "మీ ఆయన మిమ్మల్ని హింసిస్తాడా?" అని అడగరు. అలా అడిగితే ఎక్కువమంది "అబ్బే, అలాంటిదేమీ లేదు" అంటారు, ఎందుకంటే చాలామంది ఆడవాళ్ల దృష్టిలో చెంపదెబ్బ హింస కిందికి రాదు. అందుకని చెంప మీద కొట్టాడా, చెయ్యి మెలితిప్పాడా, జుట్టు పట్టి లాగాడా, నెట్టాడా, ఏదైనా విసిరాడా అని ఒక్కొక్క చేతనూ విడివిడిగా అడుగుతారు. ఈ పద్ధతికి మూలం అమెరికా సమాజశాస్త్రవేత్త మర్రే స్ట్రాస్ 1979లో ప్రకటించిన కొలమానం. ఇలా అడిగితే మన దేశంలో పెళ్లయిన స్త్రీలలో నూటికి 29 మంది భర్త చేతిలో ఎప్పుడో ఒకప్పుడు దెబ్బలో, లైంగిక హింసో అనుభవించామని చెప్పారు. హింసను అనుభవించిన వాళ్లలో నూటికి 77 మంది ఆ మాట అంతవరకు ఎవరికీ చెప్పలేదు, ఎవరి సాయమూ కోరలేదు. తల్లికి చెప్పలేదు, చెల్లికి చెప్పలేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని అమ్మాయి తలుపు మూసి కూర్చుని అడిగితే చెప్పారు. ఆ తలుపు మూయడం ఎందుకో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. పేర్లూ చిరునామాలూ ప్రచురించే లెక్కల్లో ఉండవు, ఊరి ఆనవాలును కూడా కావాలనే కొంత జరిపి ఇస్తారు.

మీరు బయట కూర్చున్న ఆ ముప్పావుగంట ఒక మర్యాద. మీ కోడలు నవ్వి ఊరుకుంటే ఊరుకోనివ్వండి, మళ్లీ గుచ్చిగుచ్చి అడక్కండి.

*భర్త కొట్టడం సబబే అని మన ఆడవాళ్లే అంటున్నారని, తెలంగాణలోనూ ఆంధ్రలోనూ నూటికి 84 మంది అలా చెప్పారని చదివి రాత్రంతా నిద్ర పట్టలేదు. మా అమ్మ, మా అత్త, మా మేనత్తలు అందరూ ఇందులో ఉన్నట్టేనా? — ఒక పాఠకురాలు, కరీంనగర్*

అంకె నిజమే, పైన చెప్పిన కుటుంబ ఆరోగ్య సర్వేలోది. కానీ దాన్ని పేపర్లు రాసినంత పొట్టిగా చదవకండి. ఏడు సందర్భాలు చెప్పి ఒక్కోదానికీ అవునా కాదా అని అడుగుతారు: భర్తకు చెప్పకుండా బయటికి వెళ్తే, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోతే, ఎదురు మాట్లాడితే, వంట సరిగా చేయకపోతే, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే... ఇలా. ఏడింటిలో ఏ ఒక్కదానికి "అవును" అన్నా ఆ 84లో పడతారు. అత్తమామలకు మర్యాద ఇవ్వని కోడలి విషయంలో మాత్రమే తలూపిన మనిషీ, ఏడింటికీ తలూపిన మనిషీ ఒకే గంపలో ఉన్నారు.

పైగా ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు మనిషి తన కోరిక చెబుతోందా, లోకం తీరు చెబుతోందా అన్నది తేల్చడం కష్టం. "తప్పు చేస్తే కొట్టరా మరి?" అన్న మాటలో ఒప్పుకోలు ఎంత, అలవాటు ఎంత? పల్లెల్లో ఆడవాళ్ల పక్కన కూర్చుని గంటల తరబడి మాట్లాడే పరిశోధకులు ఈ తేడాను పట్టుకోగలరు. అవును, కాదు అని గళ్లు నింపే సర్వే పట్టుకోలేదు. అయినా ఆ అంకెను తీసిపారేయను. నిద్ర పట్టకపోవడం న్యాయమే. ఇదే ప్రశ్నకు కొన్ని రాష్ట్రాల్లో చాలా తక్కువ మంది తలూపారు, ప్రశ్న అందరికీ ఒకటే. అంటే మన దగ్గర ఆడపిల్లకు చిన్ననాటి నుంచీ నూరిపోస్తున్నది ఏదో ఎక్కువగానే ఉంది. మీ అమ్మగారినీ అత్తగారినీ ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి ఆ ఏడు సందర్భాలూ అడిగి చూడండి. తీర్పు చెప్పకుండా వినండి.

*పెద్దలు కుదిర్చిన పెళ్లిలో ప్రేమ ఏటికేడాది పెరుగుతుందని, ప్రేమ పెళ్లిలో తగ్గిపోతుందని "సైంటిఫిక్‌గా రుజువైంది" అంటూ మా నాన్నగారు వాట్సాప్‌లో పంపుతున్నారు. నేనొక అమ్మాయిని ఇష్టపడుతున్నానని ఆయనకు తెలుసు. నిజంగా రుజువైందా? — ఒక పాఠకుడు, వరంగల్*

రుజువు కాలేదు. మీ నాన్నగారు పంపే మాటకు మూలం 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ జైపూర్‌లో చేసిన అధ్యయనం. 50 జంటలను తీసుకుని, ప్రేమను కొలవడానికి జిక్ రూబిన్ అనే అమెరికన్ మనస్తత్వశాస్త్రవేత్త తయారుచేసిన ప్రశ్నలు అడిగారు. పెళ్లయి అయిదేళ్లు దాటిన వాళ్లలో పెద్దలు కుదిర్చిన జంటల మార్కులు ప్రేమ జంటల కంటే ఎక్కువగా కనిపించాయి. నాలుగు దశాబ్దాలుగా పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో తిరుగుతున్నది ఇదే.

దీన్ని ఎలా చదవాలో చూడండి. ఆ 50 జంటల్లో ఒకే జంటను పదేళ్లపాటు వెంట ఉండి చూడలేదు. ఈ ఏడాది పెళ్లయిన వాళ్లనూ, పదేళ్ల కిందట పెళ్లయిన వేరే వాళ్లనూ ఒకేసారి అడిగి, పక్కపక్కన పెట్టి "పెరిగింది" అన్నారు. పదేళ్ల కిందట జైపూర్‌లో ఇంట్లో వాళ్లను ఎదిరించి పెళ్లి చేసుకున్న జంట ఎన్ని తెగతెంపులు, ఎన్ని నిష్ఠూరాలు భరించి ఉంటుంది? తగ్గిన మార్కులు ప్రేమకు పడ్డాయా, ఆ ఒంటరితనానికి పడ్డాయా? ఒక్కో రకానికీ ఒక్కో కాలానికీ విడదీస్తే వేళ్ల మీద లెక్కించగలిగిన జంటలే మిగులుతాయి.

తర్వాత వచ్చినవి మీ నాన్నగారి వాట్సాప్‌కు చేరలేదు. చైనాలోని చెంగ్డూలో షు, వైట్ అనే ఇద్దరు చేసి 1990లో అచ్చువేసిన పరిశీలనలో తమంతట తాము భర్తను ఎంచుకున్న స్త్రీలే ఎక్కువ సంతృప్తిగా ఉన్నామని చెప్పారు. అమెరికాలో స్థిరపడిన భారతీయులలో 58 మందిని అడిగి 2012లో ప్రకటించిన మరో అధ్యయనంలో రెండు రకాల పెళ్లిళ్ల మధ్య ప్రేమలోనూ సంతృప్తిలోనూ తేడాయే కనబడలేదు. ఇదీ చిన్నదే, దీన్ని కూడా మీరు మీ నాన్నగారి మీదికి విసరకండి.

నన్నడిగితే ప్రశ్నలోనే లోపముంది. మన ఇళ్లలో ఈ రెండు రకాల మధ్య గోడ అంత గట్టిది కాదు. మేరీలాండ్ విశ్వవిద్యాలయమూ ఢిల్లీలోని ఎన్‌సీఏఈఆర్ సంస్థా కలిసి 2004-05లో, మళ్లీ 2011-12లో చేసిన భారత మానవాభివృద్ధి సర్వేలో "మీ భర్తను ఎవరు ఎంచుకున్నారు?" అని అడిగి ఊరుకోలేదు. "మీ ఇష్టం అడిగారా? పెళ్లికి ముందు ఆయన మీకు ఎన్నాళ్ల నుంచి తెలుసు?" అని కూడా అడిగారు. పూర్తిగా తామే ఎంచుకున్నామన్న స్త్రీలు నూటికి అయిదుగురు. మిగతా అందరూ నోరు మూసుకుని తల వంచిన వాళ్లు కారు. అడిగితే సరేనన్నవాళ్లు, చూసి నచ్చాడన్నవాళ్లు, తామే చూసుకుని పెద్దల చేత ఒప్పించుకున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. ఆ చివరి దారి మీకూ ఉంది.

*నేను రిటైర్డు హెడ్మాస్టరును. మా తాతగారి ఇంట్లో ఇరవై రెండు మందిమి ఒక్క పొయ్యి మీద తిన్నాం. ఇప్పుడు నేనూ నా భార్యా ఇద్దరమే. పెద్దబ్బాయి బెంగళూరులో, చిన్నవాడు డాలస్‌లో. ఉమ్మడి కుటుంబం చచ్చిపోయిందని మీ శాస్త్రం ఒప్పుకుంటుందా? — ఒక పాఠకుడు, కాకినాడ*

మాస్టారూ, మా శాస్త్రంలో యాభై ఏళ్ల పైగా నడిచిన వాదమిది, అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

మీరు పొయ్యి మాట ఎత్తారు చూడండి, మన జనగణన కూడా అదే పట్టుకుంటుంది. ఒకే వంట తింటూ కలిసి ఉండే మనుషులు ఒక కుటుంబం కింద లెక్క. ఈ నిర్వచనం లెక్కపెట్టడానికి వీలైనదే గాని, కుటుంబమంటే అదేనా? అన్నదమ్ములు ఒకే పెరట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని, పొలం మాత్రం కలిపే సాగు చేసుకుంటే రెండిళ్లు. తల్లిదండ్రులు నెలకొక కొడుకు దగ్గర వంతులవారీగా తింటుంటే సర్వే వచ్చిన నెలను బట్టి పెద్దవాడి ఇల్లు ఉమ్మడి, చిన్నవాడిది వేరు కాపురం. మరుసటి నెల తారుమారు.

గుజరాత్‌లోని మహువా పట్నంలో ఐ.పి. దేశాయ్ ఈ ముడి విప్పే ప్రయత్నం చేశారు. 1964లో వచ్చిన ఆయన పుస్తకంలో ఎవరు ఎవరితో తింటున్నారన్న దానికంటే ఆస్తి ఎవరిది, పెళ్లికీ చావుకూ ఎవరు ఖర్చు పెడతారు, ఎవరి మాట చెల్లుతుంది అన్నవి ముఖ్యం. వేరే పొయ్యి పెట్టుకున్న చాలా ఇళ్లు ఈ విషయాల్లో ఉమ్మడిగానే ఉన్నాయి. ఆ తర్వాత ఎ.ఎం. షా రాధ్వణజ్ అనే గుజరాతీ పల్లెకు 1825లో రాసిన పాత లెక్కల కాగితాలు పట్టుకుని, ఇంటింటి వివరం తీసి, 1973లో పుస్తకం వేశారు. రైళ్లూ ఫ్యాక్టరీలూ రాకముందు నాటి ఆ పల్లెలో కూడా ఎక్కువ ఇళ్లు చిన్నవే! అదే రోజుల్లో ఇంగ్లండులో పీటర్ లాస్లెట్ బృందం పాత చర్చి జాబితాలు తిరగేసి, అక్కడ కూడా మూడు వందల ఏళ్లుగా సగటు ఇంటి పరిమాణం అయిదుగురి లోపేనని చూపింది.

కారణం కష్టమైనది కాదు. మనుషులు తక్కువ ఏళ్లు బతికే కాలంలో ముగ్గురు పెళ్లయిన కొడుకులతో, మనవలతో కలిసి ఉండేదాకా బతికే తాతలు ఎంతమంది? మీ తాతగారి ఇల్లు నిజం, కానీ ఊరంతా అలాంటి ఇళ్లు కాదు. భూమి ఉన్న ఇళ్లు పెద్దవి. భూమి లేని వాళ్ల ఇళ్లు ఎప్పుడూ చిన్నవే, వాళ్ల జ్ఞాపకాలను కథలుగా రాసిన వాళ్లే తక్కువ. మన దగ్గర ఎస్.సి. దూబే ఉస్మానియా విద్యార్థులతో 1951-52లో హైదరాబాదు పక్కనున్న శామీర్‌పేటలో మకాం వేసి చేసిన అధ్యయనం 1955లో పుస్తకంగా వచ్చింది. పెళ్లయిన కొన్నాళ్లకు కొడుకులు వేరుపడటం, అత్తాకోడళ్ల రాపిడి, పంపకాల పంచాయతీలు అన్నీ అందులో ఉన్నాయి. స్వాతంత్య్రం వచ్చిన నాలుగేళ్లకే!

అయితే మారినది లేదా? ఉంది. ఇప్పుడు దేశంలో సగానికి పైగా ఇళ్లు వేరు కాపురాలే. అంతకంటే పెద్ద మార్పు, పొయ్యిల మధ్య దూరం. పెరటికి ఆ పక్కనుండే పొయ్యి డాలస్ దాకా పోయింది. మీకు మోకాలి ఆపరేషన్ అయితే డబ్బు ఎవరు పంపుతారు, ఆసుపత్రిలో రాత్రి ఎవరు పడుకుంటారు? మొదటిదానికి జవాబు మీ కొడుకులే అయి ఉండవచ్చు, రెండోదానికి కాకపోవచ్చు. 45 ఏళ్లు దాటిన సుమారు 72 వేల మందితో 2017-18లో మొదలైన వృద్ధుల దీర్ఘకాలిక సర్వే ఇలాంటి వాటినే అడుగుతోంది. ఉమ్మడి చచ్చిపోయిందనను. డబ్బు ఉమ్మడిగా ఉంది, చేతిసాయం లేదు. మీకు కష్టంగా ఉన్నది కూడా అదేననుకుంటాను.

*కట్నం తీసుకున్నామని ఎవరూ చెప్పరు కదా. మరి పరిశోధకులకు లెక్కలు ఎలా వస్తాయి? — ఒక పాఠకురాలు, నల్లగొండ*

1961 నుంచి చట్టం ప్రకారం ఇవ్వడమూ తీసుకోవడమూ నేరమే, "మీరెంత తీసుకున్నారు?" అంటే తలుపు వేసేస్తారు. అందుకని అడగడంలో రెండు దారులు పట్టారు.

మొదటిది, నేను పైన చెప్పిన మానవాభివృద్ధి సర్వే దారి. "మీ కులంలో, మీలాంటి ఇంటి వాళ్లు ఆడపిల్ల పెళ్లికి మామూలుగా ఏమేం పెడతారు? బంగారం పెడతారా, బండి ఇస్తారా, నగదు ఎంత?" అని అడుగుతారు. తన సంగతి కాదు గనుక మనిషి ధారాళంగా చెబుతాడు, చెప్పేది మాత్రం చాలావరకు తన ఇంటి లెక్కే. రెండోది, కట్నం అన్న మాటే ఎత్తకుండా పెళ్లిలో ఇరువైపులా ఇచ్చిపుచ్చుకున్న పెట్టుపోతల విలువ అడగడం. ఆడపెళ్లివారు ఇచ్చినదాంట్లోంచి మగపెళ్లివారు పెట్టినది తీసేస్తే మిగిలేదే కట్నం. ఈ పద్ధతిలో సేకరించిన గ్రామీణ సర్వే వివరాలతో, 17 రాష్ట్రాల్లో 1960 నుంచి 2008 దాకా జరిగిన 40 వేల పెళ్లిళ్లను ప్రపంచ బ్యాంకు ఆర్థికవేత్తలు పరిశీలించి 2021లో ప్రకటించారు. నూటికి 95 పెళ్లిళ్లలో కట్నం ఉంది. చట్టం వచ్చాక జరిగిన పెళ్లిళ్లే దాదాపు అన్నీ.

ఇందులోనూ కొంత జారిపోతుంది. మనవైపు పసుపు కుంకుమ కింద రాసిచ్చే ఎకరం, ఆడపడుచు కట్నం, మొదటి కాన్పు దాకా సాగే సారెలు, పండగ అల్లుళ్ల ఖర్చు పెళ్లిరోజు లెక్కలో పడవు. అందుకే ఏ సర్వే చెప్పిన మొత్తమైనా అసలు దానికి తక్కువే అనుకోండి.

*మా ఆయన "నేనూ సగం పని చేస్తున్నా" అంటారు. ఇద్దరం సాఫ్ట్‌వేరే. కొలిచే పద్ధతి ఏమైనా ఉందా? — ఒక పాఠకురాలు, హైదరాబాదు*

ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతటా కాల వినియోగ సర్వే చేసింది. "రోజుకు ఇంటిపని ఎంతసేపు చేస్తారు?" అని అడిగితే ఆడవాళ్లు తగ్గించీ మగవాళ్లు పెంచీ చెబుతారని ప్రపంచమంతా అనుభవం. అందుకని నిన్న ఉదయం 4 గంటల నుంచి ఇవాళ ఉదయం 4 దాకా అరగంటకొక గడి చొప్పున ఏం చేశారో చెప్పించుకుంటారు. అలా చూస్తే ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెట్టారు, చేసే మగవాళ్లు 97 నిమిషాలు. ఇక్కడ "చేసే" అన్న మాట గమనించండి. ఆ రోజు ఇంటిపని అసలు ముట్టుకున్న మగవాళ్లే నూటికి 26 మంది.

అరగంట గళ్లలో పట్టుబడనిది ఒకటుంది. పాలవాడికి రేపు వద్దని చెప్పడం, బాబు టీకా తేదీ, అత్తగారి మాత్రలు అయిపోవస్తున్నాయన్న గుర్తు. ఇవి చేతిపని కావు, తలలో పని. అమెరికాలో ఆర్లీ హాక్‌షీల్డ్ దంపతుల ఇళ్లలో కూర్చుని, సాయంత్రాలు వాళ్ల వెంట తిరిగి, 1989లో ఒక పుస్తకం రాశారు. అందులో ఒక జంట "పనులు చెరిసగం పంచుకున్నాం, మేడ పైభాగం ఆమెది, కిందిభాగం ఆయనది" అని నమ్మకంగా చెబుతారు. పైభాగంలో వంటిల్లు, హాలు, పడకగదులు, బిడ్డ. కిందిభాగంలో కారు షెడ్డు, కుక్క. ఇద్దరూ అబద్ధం ఆడలేదు. కాపురం నిలుపుకోవడానికి ఇద్దరూ కలిసి ఆ మాటను నమ్మారు. ఈ వారం ఒక మామూలు రోజు చూసుకుని మీరిద్దరూ విడివిడిగా గళ్లు నింపండి, తర్వాత పక్కపక్కన పెట్టుకోండి.

*భారతదేశంలో విడాకులు ఒక్క శాతమే, అమెరికాలో సగం అంటారు. అంటే మన కాపురాలు అంత గట్టివా? — ఒక పాఠకుడు, విశాఖపట్నం*

రెండూ వేర్వేరు లెక్కలు, పోల్చకూడదు. అమెరికా "సగం" అన్నది ఒక ఏడాదిలో జరిగిన పెళ్లిళ్ల పక్కన అదే ఏడాది విడాకులు పెట్టగా పుట్టిన మాట. విడిపోయింది ఆ ఏడాది పెళ్లయిన వాళ్లు కారు కదా. మన అంకె జనగణన రోజున "విడాకులు పొందినవారు" అన్న గడిలో ఉన్న మనుషులది. విడాకులై మళ్లీ పెళ్లి చేసుకున్నవాళ్లు ఆ గడిలో ఉండరు.

2011 జనగణనలో విడాకులను, విడిగా ఉండటాన్ని తొలిసారి వేరువేరుగా రాశారు. విడాకులు పొందినవారు సుమారు 13 లక్షల 60 వేలు. విడిగా ఉంటున్నవారు దానికి దాదాపు మూడింతలు. కోర్టుకు వెళ్లే డబ్బు లేక, పరువుకు వెరచి, భరణం రాదని తెలిసి పుట్టింట్లోనే ఉండిపోయిన ఆడవాళ్లు ఆ గడిలో ఉన్నారు. "మా ఆయన ఊళ్లో లేడు" అని చెప్పి పెళ్లయినవాళ్ల గడిలోనే మిగిలినవాళ్లు ఏ లెక్కలోనూ లేరు. కాపురం గట్టిదనాన్ని విడాకుల అంకెతో కొలవలేం.

*మా హైస్కూల్లో తొమ్మిదీ పదీ చదివే ఆడపిల్లలు బడి మానేస్తారు, ఏడాది తిరగకుండా పెళ్లి కబురు వింటాం. పెళ్లి కోసం మాన్పిస్తున్నారా, మానేశారు గనుక పెళ్లి చేస్తున్నారా? — ఒక ఉపాధ్యాయుడు, మహబూబ్‌నగర్*

చాలా మంచి ప్రశ్న వేశారు, దీనికి జవాబు వెతికిన అధ్యయనంలో మీ జిల్లా కూడా ఉంది. పెళ్లయిన 24 ఏళ్ల అమ్మాయిని "ఎంతవరకు చదివావు? ఎన్నో ఏట పెళ్లయింది?" అని ఒక్కసారి అడిగితే ఏది ముందో తేలదు. పిల్లల వెంట ఏళ్ల తరబడి నడవాలి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో "యంగ్ లైవ్స్" పేరుతో 2002 నుంచి జరుగుతున్నది అదే. మన రెండు రాష్ట్రాల్లో శ్రీకాకుళం, పశ్చిమగోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు జిల్లాల నుంచి 3 వేల మంది పిల్లలను ఎంచుకున్నారు. వెయ్యి మందికి అప్పటికి ఎనిమిదేళ్లు, మిగతా రెండు వేల మంది ఏడాది ప్రాయం పసివాళ్లు. కొన్నేళ్లకోసారి అదే పిల్లల దగ్గరికి, వాళ్లు వలస పోతే అక్కడికీ వెళ్లి కలుస్తున్నారు.

పెద్ద బృందానికి 19 ఏళ్లు వచ్చేసరికి ఆడపిల్లల్లో నూటికి 37 మందికి పెళ్లయిపోయింది, మగపిల్లల్లో ఇద్దరికి. 15 ఏళ్లకు బడిలో ఉన్న అమ్మాయిలకూ లేనివాళ్లకూ తేడా చాలా పెద్దది. బడి మానేసిన తర్వాతే సంబంధాలు వెతకడం ఊపందుకుంటోందన్నది ఈ వరసను చూస్తే బలంగా కనిపిస్తుంది. అంటే పెళ్లి కుదిరాక అడ్డుకోవడం కంటే, అమ్మాయి వారం రోజులు బడికి రాకపోతే ఆ ఇంటికి వెళ్లడం ముఖ్యం. ఆ పని మీ చేతుల్లో ఉంది మాస్టారూ. అయిదో విడత కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 29, తెలంగాణలో 23 మందికి పైగా ఉన్నారు. దేశం సగటు కూడా 23 దగ్గరే.

*ఎం.ఏ. చదువుతున్నాను. మా సొంత ఊళ్లో ఆడవాళ్ల కాపురాల మీద ప్రాజెక్టు చేయాలి. ఎలా మొదలుపెట్టాలి? — ఒక విద్యార్థిని, అనంతపురం*

సొంత ఊరు కావడం మేలూ, కీడూ. తలుపు తొందరగా తీస్తారు. కానీ నువ్వు ఫలానా వారి అమ్మాయివి గనుక కొన్ని ఇళ్లలో కొన్ని మాటలు నీ ముందు రావు. నీ కులం వాళ్ల వీధిలోనే తిరిగి ఊరంతా చూశాననుకోకు, అవతలి వాడకు కూడా వెళ్లు. వంట వేళకూ, కూలి నుంచి వచ్చిన వేళకూ పోకు. అడిగే ముందు ఎందుకడుగుతున్నావో చెప్పు, ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదని కూడా చెప్పు. అలా చెప్పడం లాంఛనం కాదు. పెద్దవాళ్లకు పెళ్లి ఏడాది గుర్తుండదు. పెద్ద కరువుకు ముందా తర్వాతా, ఊరికి కరెంటు వచ్చిందా లేదా, పెద్ద పండక్కి పుట్టింట్లో ఉన్నారా అని ఊరి గుర్తులతో లాగితే వస్తుంది. కృష్ణా జిల్లాలో అయితే 1977 ఉప్పెన అలాంటి గుర్తు.

ఎవరైనా ఏడిస్తే పెన్ను పక్కన పెట్టు. దెబ్బల సంగతి బయటపడితే మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు ఒక చీటీ మీద రాసి ఇవ్వు, ఆ చీటీ ఇంట్లో వాళ్ల కంటపడితే ప్రమాదమనుకుంటే నంబరు నోటితో చెప్పు. నోటు పుస్తకంలో అసలు పేర్లు రాయకు. పేర్ల జాబితా వేరే చోట తాళం వేసి దాచి, ప్రాజెక్టు ఇచ్చేసిన రోజున చించెయ్.